72 వేలు, నలుగురం, ఒక గేమింగ్ ల్యాప్‌టాప్: స్క్రీన్ ఏది తీసుకున్నాం, ఎందుకు

పోస్టు పెద్దది. మెస్సు లైన్లో నిలబడి చదివేది కాదు, తీరిక దొరికినప్పుడు చదవండి. గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలనుకునే మన పిల్లలు ప్రాసెసర్ గురించి అడుగుతారు, ర్యామ్ గురించి అడుగుతారు. స్క్రీన్ దగ్గరికొచ్చేసరికి "ఏదైతే ఏముందిలే, పెద్ద నంబరు ఉన్నది తీసుకో" అనేస్తారు. డబ్బు ఎక్కువ జారిపోయేది ఆ పెద్ద నంబరు దగ్గరే. అందుకని రెండు నెలలు మేం ఏం చూశామో, ఏం లెక్కేశామో మొత్తం రాస్తున్నాం.

మేం అంటే నలుగురం. బందరు హాస్టల్లో ఒకే రూం. హాస్టల్లో ఎవరూ పేర్లతో పిలుచుకోరు కదా, ఊళ్ళతోనే పిలుచుకుంటారు. గిలకలదిండి, యానాది. తిరువూరు, లంబాడీ. చింతూరు, కోయ. పాడేరు, భగత. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టు టైపు చేస్తున్న చెయ్యి గిలకలదిండిదే అయినా మాట మాత్రం నలుగురిదీ. రాసింది రాసినట్టు రూంలో చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పెడుతున్నాం.

డబ్బు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే స్క్రీన్ గురించిన గొడవంతా దాని చుట్టూనే తిరిగింది. తలా 18 వేలు, మొత్తం 72 వేలు. గిలకలదిండి వాటా రొయ్యల చెరువుల మీద రాత్రి పట్టుబడులకి వెళ్తే వచ్చింది. తిరువూరు వాటాలో సగం మిరపకోతలది, మిగతా సగం పెడనలో ఆదివారాలు చేసిన పనిది, దాని గురించి కింద చెప్తాం. చింతూరు వాటా తునికాకుది. వాళ్ళ అమ్మ, అక్క, వాడు ముగ్గురూ తెల్లారకముందే అడవిలోకి వెళ్ళి కోసి, కట్టలు కట్టి అమ్మిన ఆకు. పాడేరు వాటా కాఫీ పళ్ళు ఏరిన కూలి. అంటే ఈ ల్యాప్‌టాప్‌లో ఒక్క వెయ్యి రూపాయలు తప్పుదారి పట్టినా అది ఎవరి నడుం నొప్పో మాకు పేరుతో సహా తెలుసు.

"నలుగురూ కలిసి కొనుక్కునేది గేమింగ్ ల్యాప్‌టాపా? చదువుకునేది కొనుక్కోవచ్చుగా?" అని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. సమాధానం ఇది. గిలకలదిండి యూనిటీలో ఒక చిన్న గేమ్ చేస్తున్నాడు, మడ అడవిలో ఆటూ పోటూ చూసుకుంటూ పీతలు పట్టే గేమ్. చింతూరు క్యూజీఐఎస్‌లో వాళ్ళ ఊరి పోడు భూముల మ్యాపు గీస్తున్నాడు. తిరువూరు బ్లెండర్ నేర్చుకుంటున్నాడు. ఈ సాఫ్ట్‌వేర్లలో క్యూజీఐఎస్, బ్లెండర్ పూర్తిగా ఉచితం, యూనిటీ మనలాంటి వాళ్ళు నేర్చుకోవడానికి ఉచితం. కానీ మామూలు ల్యాప్‌టాప్ మీద ఇవన్నీ కలిసి నడవాలంటే ప్రాణం తీస్తాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఆ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌కి కంపెనీవాళ్ళు పెట్టిన పేరు గేమింగ్ ల్యాప్‌టాప్. ఇక పాడేరుకి గేములు ఆడటమే కావాలి. దాచేదేముంది, మిగతా ముగ్గురికీ కూడా కావాలి. మన పిల్లలు ఆడుకోవడానికి కూడా కారణం చూపించాలా?

ఇప్పుడు అసలు విషయం. రిజల్యూషన్ అంటే తెర మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అనే లెక్క. ఆ చుక్కనే పిక్సెల్ అంటారు. మా కాలేజీ ల్యాబులో మానిటర్లు 1366 × 768. దాన్ని హెచ్‌డీ అంటారు. ఇప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా దొరికేది 1920 × 1080, అది ఎఫ్‌హెచ్‌డీ. నిలువు కొంచెం పెంచి 1920 × 1200 చేస్తే ఎఫ్‌హెచ్‌డీ ప్లస్ అంటారు. దానిపైన 2560 × 1440, అసలు పేరు క్యూహెచ్‌డీ, షాపుల్లో దాన్నే టూకే అంటారు. నిలువు పెంచిన 2560 × 1600ని కూడా టూకే అనో, టూ పాయింట్ ఫైవ్ కే అనో అమ్ముతారు. ఆ పైన 3840 × 2160, ఫోర్‌కే. పేర్లు నమ్మొద్దు, రెండు అంకెలూ అడగండి. బందరు రోల్డ్‌గోల్డ్ గురించి తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మెరుపు పైనే ఉంటుంది, లోపల ఏముందో అడిగితేనే చెప్తారు.

అడ్డం, నిలువు గుణిస్తే అసలు బరువు తెలుస్తుంది. ఎఫ్‌హెచ్‌డీలో 20,73,600 చుక్కలు. క్యూహెచ్‌డీలో 36,86,400. ఫోర్‌కేలో 82,94,400. గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేముకీ ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్కగట్టాలి. సెకనుకి 60 ఫ్రేములు అనుకుంటే ఎఫ్‌హెచ్‌డీలో సెకనుకి 12 కోట్ల 44 లక్షల చుక్కలు. క్యూహెచ్‌డీలో 22 కోట్ల 11 లక్షలు. ఫోర్‌కేలో దాదాపు 50 కోట్లు. ఎఫ్‌హెచ్‌డీ నుంచి క్యూహెచ్‌డీకి వెళ్తే పని ఒకటిన్నర రెట్లు దాటి ఒకటీ ముప్పావు రెట్లకి పోతుంది, ఫోర్‌కేకి వెళ్తే సరిగ్గా నాలుగు రెట్లు. కార్డు మాత్రం అదే కార్డు. అంత పనీ చేయలేకపోతే ఫ్రేములు తగ్గిస్తుంది. గేమ్ నత్తనడక నడుస్తుంది, ఫ్యాను హోరెత్తిపోతుంది, ల్యాప్‌టాప్ పెనంలా కాలుతుంది. ఇంతా చేసి చుక్కలు మాత్రం ఎక్కువ ఉంటాయి.

ఈ సంగతి మాకు పుస్తకంలాగా అర్థమైంది కానీ మనసుకి ఎక్కింది మాత్రం గిలకలదిండిలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, 61 రోజులు. బోట్లన్నీ హార్బర్లో పక్కపక్కన కట్టేసి ఉంటాయి. బోటు మీద కలాసీగా వెళ్ళే నాయన ఆ రెండు నెలలూ ఇంటి దగ్గరే. కూలీ ఉండదు, వలలు బాగుచేసే పని మాత్రం ఉంటుంది. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం నలుగురం అక్కడికి వెళ్ళాం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన పెళ్ళికని బందరు వచ్చి, తన ల్యాప్‌టాప్ రెండు రోజులు మా దగ్గర వదిలిపెట్టాడు. అది 15.6 అంగుళాల క్యూహెచ్‌డీ. దాన్ని కూడా తీసుకెళ్ళాం, చూపిద్దామని.

నాయన వల మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే అడిగాడు, "దేని గురించిరా మీలో మీరు అంత గొడవపడతన్నారు?" చింతూరు చెప్పాడు, "బాబాయ్, ఈ తెరలో చుక్కలు చిన్నవి, ఎక్కువ. మేం కొందామనుకునేదాంట్లో చుక్కలు కాస్త పెద్దవి, తక్కువ. ఏది కొనాలో తేలట్లేదు." నాయన చేతిలో వల కన్నులోకి వేలు దూర్చి చూపించాడు. "కన్ను చిన్నది చేస్తే చిన్న చేప కూడా పడుద్ది, నిజమే. కానీ అంత వలా నీళ్ళని తోసుకుంటా రావాలి. బరువెక్కిపోద్ది. ఇంజిన్ పెద్దదైతే లాగుద్ది. చిన్న ఇంజినుకి చిన్న కన్ను వల కడితే డీజిలు అయిపోద్ది, బోటు కదలదు. మీ దాంట్లో ఇంజిన్ ఎంతదిరా?"

అంతే. మేం రెండు నెలలు తెర గురించి అడుగుతున్నాం, ఆయన ఒక్క మాటలో ఇంజిన్ గురించి అడిగాడు. ల్యాప్‌టాప్‌లో ఇంజిన్ గ్రాఫిక్స్ కార్డు. మా డబ్బుల్లో వచ్చేది ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4050, దాంట్లో 6 జీబీ మెమరీ. అది బలహీనమైన కార్డేం కాదు, ఎఫ్‌హెచ్‌డీని హాయిగా లాగుతుంది. క్యూహెచ్‌డీ కడితే కొత్త గేముల్లో ఆయాసపడుతుంది. ఇంకో సంగతి, ఒకే కార్డు పేరు మీద వేరువేరు ల్యాప్‌టాప్‌లలో వేరువేరు పవర్ ఇస్తారు. 4050కి కంపెనీ లెక్కలోనే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉంది. ఇంజిన్ పేరు ఒకటే అయినా హార్స్‌పవర్ వేరన్నమాట. ఎన్ని వాట్లో కూడా అడగండి.

అదే రోజు నాయన మమ్మల్ని కట్టేసి ఉన్న బోటు ఒకదాంట్లోకి తీసుకెళ్ళాడు. సరంగు కూర్చునే గదిలో జీపీఎస్, చేపల జాడ చూపించే ఎకో సౌండర్ ఉన్నాయి. ఆ తెర మా ఫోను పక్కన పెడితే మోటుగా ఉంటుంది, చుక్కలు లెక్కపెట్టొచ్చు. సరంగు అన్న నవ్వి, "నడిమధ్యాన్నం ఎండలో కనపడాలి, అడుగు ఎంత లోతో తెలియాలి, దాంతో మాకు పనైపోయింది" అన్నాడు. వెలుతురు సంగతి మా బుర్రలోకి అప్పటిదాకా రానే లేదు. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. చవక గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో 250 నిట్స్ ఎక్కువగా కనపడుతుంది. హాస్టల్ రూంలో ట్యూబులైటు కింద అది చాలు. వరండాలో కూర్చుని పని చేయాలంటే 300 అయినా ఉండాలి. మాది వరండా బతుకే. రూంలో నలుగురికి ఒకటే ఫ్యాను.

అంతకుముందు రోజు, శనివారం, హాస్టల్ వరండాలో మేం ఒక పరీక్ష పెట్టాం. సీనియర్ అన్న క్యూహెచ్‌డీ, పక్క రూం వాళ్ళ మామూలు ఎఫ్‌హెచ్‌డీ, రెండూ 15.6 అంగుళాలే. రెండింటి చుట్టూ తువ్వాళ్ళు కప్పి తెర మాత్రమే కనపడేట్టు పెట్టాం. రెండింటిలోనూ గేమ్ నుంచి తీసిన ఒకే బొమ్మ. నేల మీద సుద్దతో అడుగు, అడుగున్నర, రెండడుగులు, మూడడుగుల దగ్గర గీతలు గీశాం. ఒకడు గీత మీద కూర్చుని ఏది ఏదో చెప్పాలి, ఇంకొకడు ల్యాప్‌టాప్‌లు అటూ ఇటూ మార్చాలి. అడుగు దూరంలో నలుగురం కరెక్టుగా చెప్పాం. అడుగున్నర దగ్గర ముగ్గురం చెప్పాం. రెండడుగుల దగ్గర పాడేరు ఒక్కడే, వాడి చూపు గద్ద చూపు. మూడడుగుల దగ్గర అందరిదీ బొమ్మా బొరుసే.

దీనికి లెక్క కూడా ఉంది. బాగున్న కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకూ తేడా తెలుస్తుందని అంటారు, కంటి డాక్టర్ల బోర్డు మీద అక్షరాలు కూడా ఈ లెక్కతోనే తయారుచేస్తారు. 15.6 అంగుళాల ఎఫ్‌హెచ్‌డీలో ఒక్కో చుక్క 0.18 మిల్లీమీటర్లు. రెండడుగుల దూరంలో కంటి హద్దు కూడా దాదాపు అంతే. అంటే రెండడుగుల వెనక కూర్చున్నవాడికి ఎఫ్‌హెచ్‌డీ చుక్క విడిగా కనపడదు. క్యూహెచ్‌డీ చుక్క 0.135, దాని హద్దు అడుగున్నర. ఫోర్‌కే చుక్క 0.09, దాని హద్దు అడుగు. ల్యాప్‌టాప్ మీద ఫోర్‌కే కొనుక్కున్నవాడు ఆ డబ్బు సొగసు చూడాలంటే ఫోను చూసినట్టు మొహం దగ్గర పెట్టుకోవాలి. ఫోనుల్లో చుక్కలు అంత చిన్నగా ఎందుకుంటాయో కూడా ఇక్కడే తేలిపోయింది, దాన్ని మనం అడుగు దూరంలోనే పట్టుకుంటాం.

మాకు టేబుల్ లేదు. ట్రంకుపెట్టె మీద ల్యాప్‌టాప్, కింద చాప మీద మనిషి. కొలిస్తే కంటికీ తెరకీ మధ్య రెండడుగులకి రెండంగుళాలు తక్కువ. వెనక గోడకి ఆనుకుని చూసే ముగ్గురికీ నాలుగడుగులు. మా రూంలో క్యూహెచ్‌డీ పెడితే ఆ తేడాకి డబ్బు కట్టేది నలుగురం, చూడగలిగేది పాడేరు ఒక్కడు.

అప్పుడు ఒకరన్నారు, "క్యూహెచ్‌డీ కొందాం, బరువైన గేములకి సెట్టింగులో 1080కి తగ్గించుకుందాం, రెండూ ఉంటాయిగా." వినడానికి బాగుంది. సీనియర్ అన్న ల్యాప్‌టాప్‌లో చేసి చూశాం. బొమ్మ మసకేసింది, అసలు ఎఫ్‌హెచ్‌డీ తెర కంటే కూడా మసక. కారణం ఏంటంటే, 1440ని 1080తో భాగిస్తే 1.33 వస్తుంది. ఒక చుక్కని ఒకటీ మూడో వంతు చుక్క మీద పరచడం ఎలా? పక్క చుక్కతో కలిపి రంగు పులమాల్సిందే. ఫోర్‌కే తెర అయితే 1080లో ఒక్క చుక్క సరిగ్గా నాలుగు చుక్కల మీద కూర్చుంటుంది, లెక్క అతుకుతుంది. అలా కూర్చోబెట్టే సెట్టింగు వేరే ఉంటుంది, దాన్ని మనమే ఆన్ చెయ్యాలి. కానీ ఫోర్‌కే మన జేబు మాట కాదు.

డీఎల్‌ఎస్‌ఎస్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే మీలో తెలిసినవాళ్ళు ఊరుకోరు. ఆర్‌టీఎక్స్ కార్డుల్లో, గేమ్ ఒప్పుకుంటే, తక్కువ చుక్కలతో బొమ్మ గీసి మిగతాది కార్డే ఊహించి నింపుతుంది. క్యూహెచ్‌డీలో క్వాలిటీ మోడు పెడితే అసలు గీసేది 960 వరసలే, ఎఫ్‌హెచ్‌డీలో పెడితే 720 వరసలు. ఈ ఊహించే పని క్యూహెచ్‌డీ మీద బాగా కుదురుతుంది, ఎందుకంటే దానికి ఇచ్చే సరుకే ఎక్కువ. ఎఫ్‌హెచ్‌డీ మీద కాస్త పలచగా కనపడుతుంది. ఇది క్యూహెచ్‌డీ వైపు గట్టి మాటే, ఒప్పుకోవాలి. 8 జీబీ మెమరీ ఉన్న 4060, ఆ పైన కార్డు కొనగలిగేవాళ్ళు, టేబుల్ కుర్చీ ఉండి ఒక్కరే వాడుకునేవాళ్ళు, క్యూహెచ్‌డీ తీసుకోండి, మేం ఆపం. కాకపోతే అన్ని గేముల్లోనూ ఈ సదుపాయం ఉండదు, గిలకలదిండి చేస్తున్న పీతల గేములో అయితే అసలే లేదు.

మాకు బాగా కష్టమైంది ఇంకో దగ్గర. తెలుగు అక్షరం దగ్గర. ఇది ఇంగ్లిష్ వీడియోల్లో రివ్యూలు చేసేవాళ్ళు ఎవరూ చెప్పరు, వాళ్ళకి అవసరం లేదు. సుద్దగీతల పరీక్షలో బొమ్మ తీసేసి అదే దూరాల్లో తెలుగు పేజీ పెట్టాం. రెండడుగుల దగ్గర బొమ్మలో తేడా చెప్పలేని ముగ్గురం కూడా అక్షరాల్లో చెప్పేశాం. ఇంగ్లిష్ అక్షరం ఒక వరసలో నిలబడుతుంది. మనది అలా కాదు. "రాష్ట్రం" అని రాస్తే కింద రెండు ఒత్తులు వేలాడతాయి, "లక్ష్మి"లో పైన గుడి, కింద ఒత్తు. ఒక్క అక్షరం ఎత్తులో మూడు అంతస్తులు. ల్యాబులో 1366 మానిటర్ల మీద చిన్న సైజులో పెడితే ఒత్తులు నల్ల మచ్చల్లా అతుక్కుపోతాయి. ట వత్తో, త వత్తో మాట పట్టి ఊహించుకుని చదవాలి. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేని మనలాంటి వాళ్ళకి అక్షరం స్పష్టంగా కనపడటం చిన్న విషయం కాదు. మాలో చింతూరు పదో తరగతి దాకా ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు అక్షరం. కొత్త మాట ఎదురైతే వాడికి ఊహించుకోవడానికి వెనకాల ఏమీ ఉండదు, కంటికి కనపడిందే ఆధారం.

ఆ రాత్రి చింతూరు క్యూహెచ్‌డీ వైపు తిరిగిపోయాడు. "గేమ్ ఎట్టా ఉన్నా పర్లేదు, నాకు చదువుకునేది కనపడాలి" అన్నాడు. వాడి మాట తీసెయ్యలేకపోయాం, వాడి తునికాకు డబ్బులకీ మా డబ్బులకీ ఒకటే విలువ కదా. ఆదివారం గిలకలదిండి నుంచి వచ్చాక మళ్ళీ పరీక్ష పెట్టాం. ఈసారి ఎఫ్‌హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో విండోస్ స్కేలింగ్ 125 నుంచి 150కి పెంచాం. అక్షరం పెద్దదైంది, ఒత్తుకి చుక్కలు ఎక్కువ దొరికాయి. రెండడుగుల దగ్గర చింతూరు "రాష్ట్రం", "స్త్రీ", "కార్త్యాయని" తడుముకోకుండా చదివాడు. తెర మీద పట్టే వరసలు తగ్గాయి, పైకీ కిందకీ ఎక్కువ జరుపుకోవాలి. అది భరిస్తానన్నాడు. నాలుగు రోజులు వాడి చూశాకే ఒప్పుకున్నాడు, ఊరికే ఒప్పుకోలేదు. ఆ నాలుగు రోజులూ ల్యాప్‌టాప్ ఇచ్చిన పక్క రూం వాళ్ళకి మేం బాకీ.

క్యూహెచ్‌డీ వద్దనుకున్నాక మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నది తిరువూరు తేల్చాడు. వాడు ఆదివారాలు పెడనలో ఒక కలంకారీ యూనిట్‌కి డిజైన్లు గీసిస్తాడు, అచ్చుల కోసం. మన బందరు కలంకారీలో నలుపు ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టి తీస్తారు. ఎరుపుకి పటిక పెట్టి రంగులో ఉడకబెడతారు. గుడ్డ మీద ఆ ఎరుపు ఎలా ఉంటుందో వాడి కంటికి కంఠతా వచ్చు. పక్క రూం ల్యాప్‌టాప్‌లో ఆ డిజైన్ ఫొటో తెరిస్తే ఎరుపు పాత ఇటుక రంగులో కనపడింది. సీనియర్ అన్నదాంట్లో ఎరుపు ఎరుపులాగే ఉంది. మేం అది క్యూహెచ్‌డీ మహిమ అనుకుంటుండగా తిరువూరు స్పెసిఫికేషన్ పేజీ తీసి చూపించాడు. పక్క రూంది 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. అన్నది 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. రెండూ రంగుల కొలతలే, కాకపోతే కొలిచే కుండ వేరు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో మూడింట రెండు వంతులకి లోపే. ఎర్రలు, పచ్చలు సగం దారిలోనే ఆగిపోతాయి. దీనికీ చుక్కల సంఖ్యకీ సంబంధం లేదు. ఎఫ్‌హెచ్‌డీలో కూడా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెరలు ఉన్నాయి, ఒకే మోడల్‌లో రెండు రకాల తెరలూ అమ్ముతారు. పెట్టె మీద మాత్రం రెండింటికీ "ఎఫ్‌హెచ్‌డీ 144 హెర్ట్జ్" అనే ఉంటుంది. మోసపోయేది ఇక్కడే.

నలుగురు చూసే తెర కాబట్టి ఐపీఎస్ రకం ఉండాలి, పక్క నుంచి చూసినా రంగు మారకూడదు. టీఎన్ రకం తెర అయితే ఎదురుగా కూర్చున్నవాడికే బొమ్మ, పక్కవాడికి రంగులు తిరగబడతాయి. హెర్ట్జ్ గురించి ఎక్కువ రాయం. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి బొమ్మ మారుస్తుంది, 144 అయితే దాదాపు 7కోసారి. వాలరెంట్ లాంటి గేముల్లో అది చేతికి తెలుస్తుంది. పాడేరు ఈ ఒక్కదాని మీదే పట్టుబట్టాడు, ఇచ్చేశాం.

జూన్‌లో బెజవాడ వెళ్ళాం. అక్కడ మెయిన్ రోడ్డు పేరే బందరు రోడ్డు, బందరు నుంచి వెళ్ళిన మాకు ఆ బోర్డులు చూస్తే కాస్త ధైర్యం వస్తుంది. షాపులో కౌంటర్ దగ్గరున్నాయన మమ్మల్ని ఎగాదిగా చూసి రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టాడు, రెండూ ఇంచుమించు ఒకే ధర. ఒకటి 2560 × 1600, కార్డు 3050. రెండోది 1920 × 1080, కార్డు 4050. "టూకే తీసుకోండి బాబూ, ఫ్యూచర్ ప్రూఫ్" అన్నాడు. మాకు నాయన వల గుర్తొచ్చింది. పెద్ద వల కట్టిన చిన్న ఇంజిన్ అది. 2560 × 1600 అంటే 40,96,000 చుక్కలు, ఎఫ్‌హెచ్‌డీకి దాదాపు రెట్టింపు, దాన్ని లాగాల్సింది పైగా చిన్న కార్డు. ఒకే ధరకి ఎలా ఇస్తున్నారంటే ఇలా ఇస్తున్నారు. తెర మీద పెట్టింది ఇంజిన్‌లో కోశారు.

రెండోదాని గురించి తిరువూరు అడిగాడు, "సార్, ఇది ఎస్‌ఆర్‌జీబీ ఎంత శాతం? 45 ఎన్‌టీఎస్‌సీనా?" ఆయన ముందు "అన్నీ ఒకటే" అన్నాడు. మోడల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి చూపించమన్నాం. కొట్టాడు, 45 అని వచ్చింది. అదే మోడల్లో చివరి రెండక్షరాలు మారితే 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 300 నిట్స్. అది స్టాకులో లేదు, నాలుగు రోజుల్లో తెప్పిస్తాం, మూడు వేల ఎనిమిది వందలు ఎక్కువ అన్నారు. బ్యాగూ మౌసూ వద్దని, ఇంకాస్త బేరమాడి మా 72 వేలకి సర్దుకున్నాం. నాలుగు రోజుల తర్వాత ఇద్దరం వెళ్ళి, షాపులోనే తెరిచి, తిరువూరు ఫోనులో ఉన్న కలంకారీ ఫొటో దాంట్లో వేసుకుని చూశాక డబ్బు కట్టాం. వంద నోట్లు ఎక్కువ ఉన్నాయి, లెక్కపెట్టడానికి వాళ్ళకి చాలాసేపు పట్టింది.

బిల్లు చింతూరు పేరు మీద ఉంది, మాలో పెద్దవాడని. కాగితం మీద రాసుకున్నాం: చదువయ్యాక ఎవరు ఉంచుకుంటే వాళ్ళు అప్పటి ధరలో మిగతా ముగ్గురి వాటాలూ ఇవ్వాలి. ఎవరూ ఉంచుకోకపోతే హాస్టల్లో కొత్తగా వచ్చిన మన పిల్లలకి ఇవ్వాలి. ఇప్పుడైతే పొద్దున చింతూరు మ్యాపు, మధ్యాహ్నం నుంచి గిలకలదిండి, తిరువూరు మార్చి మార్చి, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర పాడేరు. పాడేరు గంటన్నరలో మిగతా ముగ్గురం గోడకి ఆనుకుని చూస్తాం. పీతల గేములో నీటి రంగు ఇంకా కుదరలేదు. మా కాలవ నీళ్ళు ఆటుకి ఒక రంగు, పోటుకి ఒక రంగు ఉంటాయి. నాయనని కూర్చోబెట్టి చూపిస్తే "ఇంకా బురద వెయ్యరా" అంటాడు.

ఒక సహాయం కావాలి. చింతూరు మ్యాపు పెద్దదైపోయింది, 15.6 అంగుళాల్లో ఇమడట్లేదు. మా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉంది, బయట మానిటర్ తగిలించుకుంటే ఇక్కడ క్యూహెచ్‌డీకి అర్థం ఉంది, ఎందుకంటే 27 అంగుళాల్లో ఎఫ్‌హెచ్‌డీ పెడితే చుక్కలు మళ్ళీ ల్యాబు మానిటర్లా కనపడతాయి. మ్యాపుకి గేములాగా సెకనుకి అరవై ఫ్రేములు అక్కర్లేదు, కార్డు మీద బరువు పడదు. బందరు, గుడివాడ, బెజవాడల్లో ఎవరి దగ్గరైనా 27 అంగుళాల 2560 × 1440 మానిటర్ సెకండ్‌హ్యాండ్‌లో ఉంటే చెప్పండి. ఐదారు వేల దాకా పెట్టగలం, అదీ రెండు నెలల్లో. 24 అంగుళాల ఎఫ్‌హెచ్‌డీ అయినా చూస్తాం, కాకపోతే ముందు దాని మీద "రాష్ట్రం" అని టైపు చేసి ఫొటో తీసి పంపండి.